మందు కొట్టినా మచ్చ పోలేదా? వరి తెగుళ్ల మందులపై అపోహలు - వాస్తవాలు

"మందు కొట్టి వారమైంది సార్, మచ్చలు అలాగే ఉన్నాయి, మందు నకిలీదేమో." సీజన్‌లో నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. నకిలీ మందులు లేవని అనను గానీ, చాలాసార్లు మందు బాగానే ఉంటుంది, మనమే దాన్ని చేయలేని పని అడుగుతాం.

అపోహ: మంచి మందైతే మచ్చలు మాయమవ్వాలి

మాయమవ్వవు. మచ్చ అంటే చచ్చిపోయిన ఆకు భాగం, ఏ మందూ దాన్ని మళ్లీ పచ్చగా చెయ్యదు. అగ్గి తెగులుకు వాడే ట్రైసైక్లజోల్‌నే తీసుకోండి. శిలీంధ్ర బీజం ఆకు మీద పడి మొలకెత్తాక చిన్న బుడగలా ఉబ్బి, గోడలకు మెలనిన్ అనే నల్ల పూత వేసుకుని, లోపల ఒత్తిడి పెంచుకుని, ఆ బలంతో ఆకు పొరను పొడుచుకుని దిగుతుంది. ట్రైసైక్లజోల్ ఆ పూత పడనివ్వదు, పూత లేక బీజం లోపలికి దిగలేదు. అంటే ఇది గుమ్మం దగ్గర కాపలా, ఇంట్లో దూరిన దొంగ దీనికి దొరకడు. అందుకే మందు పనిచేసిందో లేదో పాత మచ్చలో వెతక్కండి, తర్వాత వచ్చిన కొత్తాకులో చూడండి.

అపోహ: డోసు పెంచితే గట్టిగా పట్టుకుంటుంది

ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి లీటరు నీటికి 0.6 గ్రాములు చాలు. మనవాళ్లు తగ్గించకూడని చోట తగ్గిస్తారు, అది నీళ్లు. ఎకరాకు 200 లీటర్లు పట్టే పైరుకు సగం ట్యాంకులతో సరిపెట్టి, ఆ లోటు తీర్చడానికి మందు పెంచుతారు. అది అవశేషంగా గింజలో తేలుతుంది. ఈ మందుకే యూరోపియన్ యూనియన్ 2017లో బియ్యంలో పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి దించింది.

అపోహ: పైన పడితే కిందికి అదే దిగుతుంది

పొడ తెగులు విషయంలో ఇది కొంప ముంచుతుంది. పైనుంచి చూస్తే చేను కళకళలాడుతుంటుంది, వంగి ఒక దుబ్బును రెండు చేతులతో విడదీస్తే, సరిగ్గా నీటి మట్టానికి పైన తొడుగుల మీద పాము పొడల్లాంటి మచ్చలు, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ అంచు. ఇంకాస్త ముదిరితే ఆవగింజంత గోధుమ రంగు గుళికలు అతుక్కుని ఉంటాయి, రాలి బురదలో పడి వచ్చే పంటదాకా బతికేది అవే. హెక్సాకొనజోల్ 5 శాతం గానీ వాలిడామైసిన్ 3 శాతం గానీ లీటరుకు 2 మిల్లీలీటర్లు, కానీ నాజిల్ దుబ్బు మొదలుకు పెట్టాలి. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట వదిలితే గాలీ ఆడుతుంది, మనిషీ దిగగలడు.

అపోహ: ఆకు ఎండితే శిలీంధ్రం మందే కొట్టాలి

మొదట్లో నేనూ బాక్టీరియా ఎండాకు తెగులును ఇంకేదో అనుకుని మందు చెప్పాను, ఆ రైతు రెండు స్ప్రేలు వృథా. శిలీంధ్రం మందు బాక్టీరియాను ఏమీ చెయ్యదు. అనుమానమొస్తే పచ్చకూ ఎండుకూ మధ్య ఉన్న ఆకు ముక్క కోసి గాజు గ్లాసు నీళ్లలో పెట్టి కాసేపు కదలకుండా ఉంచండి. కోసిన అంచు నుంచి పాల పొగలా తెల్లగా దిగితే అది బాక్టీరియా.

అపోహ: మానిపండు ఉండలు కనిపించగానే కొట్టాలి

మానిపండు అంటే వెన్నులో గింజలు పసుపు ఉండలుగా మారే తెగులు. ఉండ కనిపించేసరికే ఆలస్యం. శిలీంధ్రం వెన్నులోకి దూరేది పొట్ట దశలో, అంటే వెన్ను ఇంకా తొడుగులోనే ఉన్నప్పుడు, మనకు పసుపు ఉండ కనపడేది గింజ కట్టేటప్పుడు. ఆ చేలో గతంలో వచ్చి ఉంటే పొట్ట దశలోనే ప్రోపికొనజోల్ లీటరుకు 1 మిల్లీలీటరు కొట్టాలి, ఆ తర్వాత ఖర్చు దండగ.

అపోహ: డబ్బా మారిస్తే మందు మారినట్టే

హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్, టెబుకొనజోల్ మూడూ ఒకే కుటుంబం, శిలీంధ్రాన్ని దెబ్బకొట్టే చోటూ ఒకటే. ఒకదానికి అలవాటు పడ్డ శిలీంధ్రం రెండోదాన్నీ తట్టుకునే ప్రమాదం ఉంది. డబ్బా మీద పెద్ద పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి.

ఇక యూరియా. అగ్గి తెగులు సోకి చేను పాలిపోతే ఆకలనుకుని ఓ బస్తా చల్లేవాళ్లున్నారు. మెత్తబడిన ఆకు శిలీంధ్రానికి విందు భోజనం, రాత్రి చల్లగా ఉండి మంచు పడితే ఇక చెప్పక్కర్లేదు. కొత్తాకు మచ్చ లేకుండా వచ్చేదాకా ఆ బస్తాను మూల పెట్టండి.