తయారు కాని కుర్చీ ఎక్కడ విరుగుతుంది?

చిన్నూకి తాతయ్య ఆశీస్సులు. చెల్లికి కూడా చదివి వినిపించు.

"కుర్చీ ఇంకా తయారే కాలేదుగా, అది విరుగుతుందని కంప్యూటర్‌కి ముందే ఎలా తెలుస్తుంది?" అని అడిగావు.

నువ్వూ నీ స్నేహితులూ చేతులు పట్టుకుని గుంపుగా నిలబడ్డారనుకో. కొసన ఉన్నవాణ్ని నేను లాగితే వాడు పక్కవాణ్ని లాగుతాడు, వాడు ఆ పక్కవాణ్ని. ఎవరి చెయ్యి ఎంత నొప్పెట్టిందో అందరినీ అడిగితే, పట్టు ఎక్కడ జారేలా ఉందో తెలిసిపోతుంది. కంప్యూటర్ కూడా కుర్చీ బొమ్మని వేల ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కా పక్క ముక్క చెయ్యి పట్టుకున్నట్టు లెక్క వేస్తుంది. ఇలా విడగొట్టడాన్ని ఇంజినీర్లు మెష్ చెయ్యడం అంటారు. బాగా నొప్పెట్టిన పిల్లలు తెర మీద ఎర్రగా కనిపిస్తారు, హాయిగా ఉన్నవాళ్లు నీలంగా. ఏ పిల్లవాడు ఎంత గట్టివాడో మాత్రం మనమే ముందు చెప్పాలి. అది తప్పు చెబితే రంగులెంత బాగున్నా జవాబు తప్పే.

ఎరుపు ఎక్కువగా చేరేది లోపలి మూలల్లో. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాల్లోనే ముక్కలయ్యాయి. అలాంటి విమానాన్నే నీళ్ల తొట్టిలో పెట్టి, మళ్లీ మళ్లీ ఒత్తిడి పెంచి చూస్తే, కిటికీ కోసం కోసిన చోట మూల దగ్గర పగిలింది. ఇప్పుడైతే ముందు తెర మీదే చూసుకుంటారు.

మా మామయ్య డ్రాఫ్ట్స్‌మన్, అంటే ఇంజినీర్ల కోసం చేత్తో కొలతల బొమ్మలు గీసేవాడు. ఏటవాలు బల్ల మీద టీ-స్క్వేర్ అనే టీ ఆకారపు స్కేలు ఆనించి, ట్రేసింగ్ పేపర్ మీద ఇంకుతో గీసేవాడు. గీత తప్పితే బ్లేడుతో గీకాలి. మరీ పాడైతే ఆ కాగితం నాకే! నేను దానికోసమే కాచుక్కూచునేవాణ్ని. 1963లోనే అమెరికాలో ఐవన్ సదర్లాండ్ అనే విద్యార్థి, తెర మీద లైట్ పెన్నుతో గీసే స్కెచ్‌ప్యాడ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ చేశాడు. ఆ సంగతి మా ఇంటిదాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మామయ్య పెన్ను ముట్టేముందు చాలాసేపు ఊరికే కూర్చుని ఆలోచించేవాడు. అన్‌డూ ఉంది కదా అని నువ్వు ఆ పని మానకు.

తెర మీద కుదిరిన బొమ్మ నుంచే, ఉక్కు అచ్చుని ఏ దారిలో చెక్కాలో సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి, కంప్యూటర్ చెప్పినట్టు లోహాన్ని చెక్కే సీఎన్‌సీ మెషిన్‌కి ఇస్తుంది. ఆ అచ్చులోకి కరిగిన ప్లాస్టిక్‌ని గట్టిగా నెడతారు.

మిగతాది నేను చెప్పను. ఒక ప్లాస్టిక్ కుర్చీని తిరగేసి చూడు. సన్నటి గట్లు, గుండ్రటి మూలలు కనిపిస్తాయి. ఎక్కడో చిన్న మచ్చ కూడా ఉండాలి, ప్లాస్టిక్ లోపలికి వచ్చింది అక్కడి నుంచే. అక్కడే ఎందుకు పెట్టారో మీ ఇద్దరూ ఆలోచించి నాకు రాయండి.

మీ తాతయ్య