సంగతి మరిచినా బాధ మిగులుతుంది

అల్జీమర్స్ ఉన్న అమ్మనో నాన్ననో చూసుకునేవారి నోట ఎప్పుడో ఒకప్పుడు ఒక మాట వస్తుంది: "ఎలాగూ పది నిమిషాల్లో మరిచిపోతారు కదా!" కసురుకున్నా గుర్తుండదు, దగ్గర కూర్చుని కబుర్లు చెప్పినా గుర్తుండదు, ఇక ఏం చేసి ఏం లాభం అని. ఇందులో నిజం సగమే. జరిగిన సంగతి మరిచిపోతారు. దానివల్ల కలిగిన బాధో సంతోషమో అంత త్వరగా పోదు.

జెనీవాలో ఎడువార్ క్లాపరేడ్ అనే వైద్యుడి దగ్గర తీవ్రమైన మతిమరుపు ఉన్న ఒక మహిళ ఉండేది. ఆమెది అల్జీమర్స్ కాదు, వేరే జబ్బు. రోజూ చూసే వైద్యుణ్ణి కూడా కొత్త మనిషిలాగే పలకరించేది. ఒకసారి ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచి ఆమెతో చెయ్యి కలిపాడు. ఈ రోజుల్లో ఇలాంటి ప్రయోగానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఆమె ఆ నొప్పిని వెంటనే మరిచిపోయింది. కానీ ఆయన మళ్లీ చెయ్యి చాచగానే తన చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎందుకని గుచ్చిగుచ్చి అడిగితే, చేతుల్లో సూదులు దాచేవాళ్లూ ఉంటారు కదా అంది. అది తనకే జరిగిందన్న ఎరుక మాత్రం లేదు. క్లాపరేడ్ ఈ సంగతిని 1911లో ప్రచురించాడు.

అల్జీమర్స్ విషయంలో ఇంత మొరటుగా కాకుండా ఇదే ప్రశ్నను అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. అల్జీమర్స్ ఉన్న 17 మందికి కొన్ని విషాద దృశ్యాలు, మరోసారి నవ్వించే దృశ్యాలు చూపించారు. కొద్ది నిమిషాలకే చూసినదేమిటో చాలావరకు మరిచిపోయారు. దిగులు మాత్రం అలాగే ఉండిపోయింది. పైగా, ఎంత తక్కువ గుర్తుంటే దిగులు అంత ఎక్కువసేపు నిలిచింది. కారణం తెలిసిన దిగులుకు సర్దిచెప్పుకోవచ్చు. కారణమే తెలియని దిగులుకు ఏమని సర్దిచెప్పుకుంటారు?

కొత్త సంగతులను జ్ఞాపకాలుగా మలిచే పని ప్రధానంగా మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగానిది. అల్జీమర్స్ మొదట్లోనే దెబ్బతీసేది దాన్నీ, దాన్ని ఆనుకుని ఉన్న భాగాన్నీ. అనుభూతి అలా కాదు, మెదడులోని చాలా భాగాలు కలిస్తే పుట్టేది. జబ్బు వాటినీ తాకుతుంది గానీ, అనుభూతి చెందే శక్తి చాలాకాలం మిగిలే ఉంటుంది.

ఈ తేడా తెలిస్తే ఇంట్లో చాలా వాదనలు తగ్గుతాయి. ఎప్పుడో చనిపోయిన తన తల్లి కోసం అమ్మ అడుగుతుంది. "ఆమె పోయి చాలా ఏళ్లయింది కదమ్మా" అంటే అమ్మకు అది అప్పుడే విన్న మరణవార్త. సాయంత్రం మళ్లీ అడుగుతుంది, మళ్లీ చెబితే మళ్లీ అంతే ఏడుపు. సమాచారం నిలవదు, దుఃఖం నిలుస్తుంది. "అమ్మమ్మ గుర్తొచ్చిందా? నిన్ను బాగా గారాబం చేసేదా?" అని అడిగితే ఆ బెంగకు జవాబు దొరుకుతుంది. ఇది అబద్ధమాడటం అని కొందరు నొచ్చుకుంటారు. నాకైతే అలా అనిపించదు. అమ్మ అడిగినది మరణ తేదీ కాదు.

డబ్బు ఎక్కడో పెట్టి మరిచిపోయి, దొంగిలించావని నాన్న మన మీదే నింద వేయడం అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది. పెట్టిన జ్ఞాపకం లేదు, వస్తువు కనిపించదు. ఆ ఖాళీని మనసు ఏదో ఒక కారణంతో పూరిస్తుంది, ఎప్పుడూ దగ్గరుండేవారే అనుమానానికి చిక్కుతారు. "మీకే మతిమరుపు" అని నిరూపించబోతే పని జరగదు. తనకు జబ్బుందని గ్రహించే శక్తినే ఈ జబ్బు చాలామందిలో దెబ్బతీస్తుంది. అది మొండితనం కాదు. పక్కన చేరి కలిసి వెతకడమే మేలు.

"నేనెవరో చెప్పు చూద్దాం" అనే పరీక్ష దయచేసి మానేయండి. "నాన్నా, నేను మీ పెద్దమ్మాయిని" అని మనమే చెబితే పోయేదేమీ లేదు.

చూసుకునేవారి అలసట కూడా దాగదు. ఎదుటివారి భావాలు తమకు అంటుకునే గుణం అల్జీమర్స్‌లో పెరుగుతుందని 2013లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. మన ముఖంలోని చిరాకును వారు పట్టేస్తారు. కాబట్టి తోబుట్టువులు వంతులు వేసుకోవడం, ఒక పూట ఇంకొకరికి అప్పగించి నిద్రపోవడం స్వార్థం కాదు, చికిత్సలో భాగమే.

బాధ ఉంటుంది గానీ చెప్పే మాట రాదు అన్నది ఒంటి నొప్పికీ వర్తిస్తుంది. పంటి పోటు ఉన్న మనిషి "పన్ను నొప్పి" అనకుండా పళ్లెం తోసేయవచ్చు, స్నానానికి తీసుకెళ్లబోతే కొట్టవచ్చు. ముఖ్యంగా రెండు మూడు రోజుల్లోనే మనిషి హఠాత్తుగా మారిపోయి, లేనివి కనిపిస్తున్నాయన్నా, పగలంతా మత్తుగా పడి ఉన్నా, జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకూడదు. అల్జీమర్స్ సాధారణంగా అంత వేగంగా నడవదు. మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, ఒంట్లో నీరు తగ్గడమో, కొత్తగా మొదలుపెట్టిన మందో కారణం కావచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించి, ఏ రోజు నుంచి మార్పు మొదలైందో, ఏయే మందులు వాడుతున్నారో చెప్పాలి. ఆ వివరాలు వారు తమంతట తాము చెప్పలేరు.