మందిరం ముందా, సంఘం ముందా? పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన ఆదివారపు బడి పిల్లలకు,

వందనాలు. పోయిన ఆదివారం బడి వదిలాక మీలో ఒక పాప వచ్చి నన్ను ఒక ప్రశ్న అడిగింది. “తాతయ్యా, మా నాన్న వాళ్ల సొంతూరు వెళ్లి కొత్త సంఘం మొదలుపెడతాడంట. ఆ ఊళ్లో మందిరమే లేదు కదా, మందిరం లేకుండా సంఘం ఎట్లా వస్తుంది?” వారమంతా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నాలుగు మాటల్లో చెప్పేది కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను. అందరూ చదవండి.

ముందు వంటింట్లోకి పోదాం. రాత్రిపూట అమ్మ పాలు తోడుపెట్టడం చూశారా? కాచిన పాలు దించి ఆరనిస్తుంది. చిటికెన వేలు ముంచి చూస్తుంది. చురుక్కుమంటే ఇంకాసేపు ఆగుతుంది, చల్లారిపోతే మళ్లీ కాస్త వెచ్చచేస్తుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు అర లీటరు పాలకి ఒక చెంచా పెరుగు వేసి, ఒకసారి కలిపి, మూతపెట్టి, ఎవరి కాలూ తగలని మూలన పెడుతుంది. అంతే. వెండి గిన్నె అయినా సత్తు గిన్నె అయినా తోడు లేకపోతే పాలు పెరుగు కావు, తెల్లారేసరికి విరిగిపోవచ్చు కూడా. మందిరం గిన్నె లాంటిది. తోడు మాత్రం మనుషులు.

మొదటి విశ్వాసులకు మందిరాలెక్కడివి? ఫిలిప్పీలో లూదియ ఇల్లు, రోమాలో అకుల ప్రిస్కిల్లల ఇల్లు. సిరియాలో దూరా యూరోపస్ అనే పాత పట్టణం తవ్వకాల్లో సుమారు 1,800 ఏళ్ల కిందటి ఒక ఇల్లు బయటపడింది. రెండు గదుల మధ్య గోడ తీసేసి ఒక హాలు చేసుకుని ప్రార్థన చేసుకున్నారక్కడ. మన దగ్గరా అంతే. తరువాత బిషప్పు అయిన అజరయ్య గారు 1909లో డోర్నకల్ వచ్చి మొదట గుడారంలో కాపురం పెట్టారు. ఇప్పుడు మనం చూసే డోర్నకల్ పెద్ద దేవాలయం ప్రతిష్ఠ అయింది 1939లో. మధ్యలో ముప్ఫై ఏళ్లు. ఆ ముప్ఫై ఏళ్లలో తోడుకున్నవి చుట్టుపక్కల పల్లెలు.

ఇంతకీ చెంచాడంటే ఎంతమంది? మూడు నాలుగు కుటుంబాలు చాలు. 1867 జనవరి 1న ఒంగోలు బాప్తిస్టు సంఘం ఏర్పడినప్పుడు ఎనిమిది మందే ఉన్నారు. తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య గారి పేరు మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆయన మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారం చేసేవాడు. 1866లో బాప్తిస్మం పొంది, ముందు తన సొంతూళ్లో, తన బంధువుల్లో, తరువాత తాను తిరిగిన ఊళ్లలో సువార్త చెప్పాడు. మిషనరీ దొరలు ఎరగని గడపలు ఆయనకు తెలుసు. పన్నెండేళ్లు తిరిగేసరికి, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ లెక్క అందరూ చెబుతారు. దాని ముందు సంగతి కూడా చెప్పాలి. 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని బీదలకు కూలి దొరికేట్టు చేశాడు. అయితే ఆ కరువు పని నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం ఎవరూ నీళ్లలోకి దిగకూడదని. కొత్త సంఘం పెట్టేవాళ్లు ఈ సంగతి మరవకూడదు. బియ్యం ఇవ్వండి, మందులు ఇవ్వండి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇవ్వండి. దానికి బదులుగా ప్రార్థనకు రమ్మని మాత్రం అనకండి.

ఇక పాల వేడి సంగతి. సొంతూళ్లో సంఘం పెట్టడం సులువనుకుంటారు కానీ, అక్కడే కష్టం. మన చిన్ననాటి అల్లరి నుంచి మన తాత పొలం గట్టు తగాదా దాకా అందరికీ తెలుసు. యేసు ప్రభువుకే నజరేతులో గౌరవం దొరకలేదు. అందుకని ఆ పాప నాన్నకి నేను చెప్పేది ఇది. మొదటి కూడిక పెట్టకముందే కిరాణా కొట్టు బాకీ తీర్చాలి. అన్నదమ్ముల మధ్య మాటలు లేకపోతే వెళ్లి మాట్లాడాలి. సర్పంచి గారికీ, వీధిలో పెద్దవాళ్లకీ, గుడి పూజారి గారికీ, మసీదు పెద్దలకీ, “వారానికి ఒకరోజు మా ఇంట్లో ప్రార్థన చేసుకుంటాం, శబ్దం ఎక్కువైతే నాకు చెప్పండి” అని ముందుగా చెప్పాలి. మూడు నెలలు కేవలం ఇళ్లు తిరిగి పలకరించాలి. జబ్బు మనిషి దగ్గర పది నిమిషాలు కూర్చుని, అడిగితే ప్రార్థన చేసి రావాలి. గోరువెచ్చదనం అట్లా వస్తుంది.

తోడు పుల్లటిదైతే పెరుగు కూడా పుల్లగానే ఉంటుంది. పాత సంఘంలో కానుక లెక్క దగ్గరో, పెద్దరికం దగ్గరో తగాదా పడి, ఆ కోపంతో వేరు కుంపటి పెట్టినవాళ్లు చాలామంది. రెండు మూడేళ్లకు అదే తగాదా వాళ్ల మధ్యలోనే పుడుతుంది. వెళ్లేవాళ్లు తల్లి సంఘం పాస్టరు గారి దగ్గర సెలవు తీసుకుని, అందరి ముందూ ప్రార్థన చేయించుకుని వెళ్లాలి.

తోడు ఎక్కువైనా చేటే. పట్నం నుంచి ప్రతి ఆదివారం వ్యానులో ఇరవై మంది దిగి పాటలు వాళ్లే పాడి, వాక్యం వాళ్లే చెప్పి, చాపలు కూడా వాళ్లే చుట్టేస్తే, ఊరివాళ్లు చుట్టాల్లా గోడకానుకుని కూర్చుంటారు. వ్యాను ఆగిన వారం కూడికా ఆగిపోతుంది. ఇద్దరు ముగ్గురు వెళ్లండి. రెండో నెలలోనే ప్రార్థన ఊరి మనిషి చేత చేయించండి, తడబడితే తడబడనీయండి.

మరొకటుంది. అది నాకు బాధ కలిగించే సంగతి. పక్కింటి గిన్నెలో తోడుకున్న పెరుగు తెచ్చి మన గిన్నెలో పోసుకుంటే మన గిన్నె నిండుతుంది కానీ ఊళ్లో పెరుగు ఒక్క చెంచా కూడా పెరగదు. పక్క సంఘం విశ్వాసుల్ని మంచి మైకు, మంచి కీబోర్డు చూపించి లాక్కోవడం అలాంటిదే. కొత్తగా ఎవరైనా వస్తే “మీరు ఏ సంఘం?” అని అడగండి. సంఘం ఉన్నవాళ్లయితే ప్రేమగా పలకరించి వాళ్ల సంఘానికే పంపండి.

ఇప్పుడు గది లెక్క. చాప మీద బాసింపట్టు వేసుకున్న మనిషికి రెండున్నర అడుగుల చదరం కావాలి. 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గదిలో ముందు 5 అడుగులు వాక్యం చెప్పేవాళ్లకు వదిలితే మిగిలేది 180 చదరపు అడుగులు. అంటే చదరపు అడుగుల లెక్కన 28 మంది. ఇరవై రెండు, ఇరవై మూడు మంది వస్తున్నారంటే పెద్ద చోటు చూసుకోవాల్సిన సమయం వచ్చినట్టే. గది పూర్తిగా నిండాక కొత్తవాళ్లు గుమ్మం దాకా వచ్చి చెప్పులు విడవకుండానే వెనక్కిపోతారు.

చాప దగ్గర ఇంకో మాట చెప్పాలి. మన ఊళ్లలో కులానికొక పల్లె, పల్లెకొక మందిరం ఎందుకున్నాయో పెద్దయ్యాక మీకు తెలుస్తుంది, సిగ్గుపడతారు కూడా. కొత్త సంఘం మాల పల్లెకూ మాదిగ పల్లెకూ ఊరికీ కూడా నడిచివచ్చే చోట ఉండాలి. ఎవరు ముందొస్తే వాళ్లు ముందు కూర్చోవాలి. ప్రభువు బల్ల దగ్గర గిన్నె ఒక్కటే ఉండాలి. మొదటి నెలలోనే ఇది స్థిరపడకపోతే తరువాత సరిచేయడం చాలా కష్టం.

కూడిక వేళ పొలాన్ని చూసి పెట్టాలి. నాట్లప్పుడు, మిరప కోతలప్పుడు ఆదివారం కూడా కూలికి పోతారు. పది గంటలకు పెడితే ముసలివాళ్లూ చంటిపిల్లలూ తప్ప ఎవరూ రారు. “వీళ్లకు భక్తి లేదు” అని సేవకుడు నొచ్చుకుంటాడు. తప్పు వేళది, మనుషులది కాదు. ఆ రెండు మూడు నెలలు సాయంత్రం ఏడున్నరకు, అన్నాలు తిన్నాక పెట్టాలి. మా చిన్నతనంలో వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొడితే ఊరంతా వినపడేది. స్త్రీలు చేతులు కడుక్కుని పసుపు మరకల కొంగుతోనే వచ్చి కూర్చునేవాళ్లు. కంజీర, తాళాలు, ఒక పెట్రోమాక్సు లైటు, దాని చుట్టూ పురుగులు. గంటన్నరలో ముగించేవాళ్లు, పొద్దున్నే లేవాలి కదా. ఇప్పుడు రైలుపట్టా బదులు మైకులొచ్చాయి. మైకు పెట్టాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకు అసలు కూడదు. ముప్ఫై మందికి మైకే అక్కర్లేదు.

డబ్బు దగ్గర జాగ్రత్తగా వినండి. చాలా సంఘాలు పాడైంది ఇక్కడే. కానుక సంచి సేవకుడి ఇంటికి పోకూడదు. చుట్టరికం లేని ఇద్దరు పెద్దలు అక్కడికక్కడే లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. నెలకోసారి అందరి ముందూ చదవాలి. అద్దె, కరెంటు పోను మిగిలినదాంట్లో సేవకుడికి ఎంత, బీదలకు ఎంత అన్నది ముందే ఒప్పుకుని రాసుకోవాలి. విదేశాల నుంచి ఎవరైనా డబ్బు పంపుతామంటే, ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి ముట్టుకోకూడదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది పిడికెడు బియ్యం. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే ముందు అమ్మ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. పిడికిలికి నలభై, యాభై గ్రాములు. రోజుకు రెండు పూటలు, వారానికి పద్నాలుగు పిడికిళ్లు, సుమారు ఆరు వందల గ్రాములు. పన్నెండు ఇళ్లుంటే వారానికి ఏడు ఎనిమిది కిలోలు! డబ్బివ్వలేని ఇల్లు కూడా తలెత్తుకుని ఇచ్చే కానుక ఇది. ఒంటరి ముసలమ్మ ఇంటికి అందులోంచే బియ్యం వెళతాయి.

ఏడాది నిలకడగా నడిచాక రిజిస్ట్రేషన్ చూసుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. కనీసం ఏడుగురు సభ్యులు, ఆశయాల పత్రం, నియమావళి కావాలి. ఆ ఏడుగురూ ఒకే ఇంటివాళ్లయితే కాగితం మీద సంఘం, నిజానికి కుటుంబ ఆస్తి. బ్యాంకు ఖాతా సంఘం పేరున, ఇద్దరి సంతకాలతో ఉండాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కమిటీ జాబితా రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేయాలి. ఎవరైనా స్థలం ఇస్తానంటే నోటిమాట చాలదు. ఇద్దరు సాక్షులతో దానపత్రం రాయించి రిజిస్టరు చేయించాలి, అదీ సంఘం పేరున. ఇచ్చిన పెద్దాయన పోయాక కొడుకులు వచ్చి తాళం వేసిన మందిరాలున్నాయి. డీ-పట్టా భూమి, అంటే ప్రభుత్వం బీదలకు ఇచ్చిన భూమి అయితే రెవెన్యూ ఆఫీసులో కనుక్కోకుండా ఒక్క ఇటుక కూడా పేర్చకూడదు. సమాధుల తోటకు చోటు కూడా అప్పుడే అడిగిపెట్టుకోవాలి. సంఘంలో మొదటి చావు జరిగిన రోజున వెతుక్కుంటే శవం ఇంటి ముందుంటుంది, మనం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటాం.

బాప్తిస్మానికి తొందర వద్దు. మూడు నెలలైనా నేర్పించి, ఇంట్లోవాళ్లకు తెలిసే తీసుకోమనాలి. చోటు ముందురోజే చూసి రావాలి. నడుము లోతు, అడుగున బురద లేని రేవు. కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో ఉరవడి ఎక్కువ, చెరువు మెట్లు మేలు.

తోడు పెట్టాక చేయకూడని పని ఒకటుంది. అది మీకు తెలుసు, ఎందుకంటే మీరంతా చేసేవాళ్లే. గంటకోసారి మూత తీసి గిన్నె కదపడం. కొత్త సంఘంలో మొదటి ఏడాది పాస్టరు గార్ని మార్చడం, చోటు మార్చడం, “ఈ వారం ఎంతమంది?” అని వారం వారం తలలు లెక్కపెట్టి నీరసపడడం అదే. ఎండాకాలం ఐదు గంటల్లో తోడుకునే పాలకి చలికాలం రాత్రంతా కావాలి, గుడ్డ కూడా కప్పాలి. ఊళ్లకూ కాలాలుంటాయి. తోడుకున్నాక అందులోంచి ఒక చెంచా తీసి పక్కన పెట్టడం మాత్రం మరవకూడదు. రేపు పొరుగూరి వాళ్లు గిన్నె పట్టుకుని వస్తారు.

పాపా, మీ నాన్న సొంతూరు వెళ్లేటప్పుడు నువ్వూ వెళ్లు. చాపలు పరిచే పని నీది. ఆ ఊరి పిల్లల పేర్లు మొదటి రోజే నేర్చుకో.

మిగతా పిల్లలూ, ఈ రాత్రి అమ్మనడిగి తోడు మీరే పెట్టండి. పొద్దున లేవగానే మూత తీసి గిన్నెను కొంచెం పక్కకు వంచి చూడండి. రాత్రి తొణికిన పాలు ఇప్పుడు కదలవు. ఏ గడియలో అట్లా అయిందో అమ్మని అడిగి చూడండి.

ప్రేమతో,
మీ తాతయ్య