బ్రూనో బొచ్చు ఎందుకంత రాలుతోంది?

చిన్నూకి, బుజ్జమ్మకి తాతయ్య దీవెనలు.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. సోఫా మీద, ఉతికిన బట్టల మీద, చివరికి పప్పులో కూడా మీ కుక్క బ్రూనో వెంట్రుకలే కనిపిస్తున్నాయట, ఇలాగైతే వాణ్ణి ఎవరికైనా ఇచ్చేస్తానని గట్టిగానే అంది. మీరిద్దరూ అన్నం మానేసి కూర్చున్నారని కూడా చెప్పింది. ముందు అన్నం తినండి. అమ్మ కోపంలో న్యాయం ఉంది, ఇల్లు ఊడ్చేది ఆవిడే కదా. బొచ్చు రాలడాన్ని పూర్తిగా ఆపడం ఎవరివల్లా కాదు, నా ఉద్యోగమంతా పశువుల ఆసుపత్రుల్లోనే గడిచింది కాబట్టి తెలిసే చెబుతున్నాను, కానీ రాలిన బొచ్చు ఇంట్లో పడకుండా చాలావరకు చూసుకోవచ్చు. ఆ పని ఇక నుంచి మీది.

బ్రూనో లాబ్రడార్ కదా. వాడి పూర్వీకులు కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ అనే చలి దీవిలో చేపలు పట్టేవాళ్లతో పాటు మంచులాంటి సముద్రపు నీళ్లలోకి దూకి పనిచేసిన కుక్కలు. అక్కడి నుంచి ఇంగ్లండుకి తీసుకెళ్లి పెంచారు, 1903లో కుక్కల జాతుల్ని నమోదు చేసే అక్కడి కెనెల్ క్లబ్ దీన్ని ఒక జాతిగా గుర్తించింది. ఆ చలికి తట్టుకోవాలని వాటికి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. రెయిన్‌కోటు లోపల స్వెట్టర్ వేసుకున్నట్టు, పైన నీళ్లు జారిపోయే గట్టి వెంట్రుకలు, కింద మెత్తటి దూదిలాంటి బొచ్చు. మీ ఇంట్లో ఎగిరేది ఎక్కువగా ఆ కింది బొచ్చే. ఒక్కో రంధ్రంలోంచి ఒక పెద్ద వెంట్రుక, దాని చుట్టూ చిన్నవి బోలెడు వస్తాయి, అందుకే ఎంత రాలినా ఇంకా ఉంటూనే ఉంటుంది!

ప్రతి వెంట్రుకా కొన్నాళ్లు పెరుగుతుంది, కొన్నాళ్లు పెరక్కుండా ఆగుతుంది, తర్వాత కింద కొత్తది మొలవగానే రాలిపోతుంది. ఎప్పుడు రాలాలో ముఖ్యంగా పగటి వెలుతురే చెబుతుంది, ఎండ వేడి కంటే దాని పాత్రే ఎక్కువ. న్యూఫౌండ్‌లాండ్‌లో వేసవిలో పగలు దాదాపు 16 గంటలు, చలికాలంలో ఎనిమిదిన్నర లోపే, కాబట్టి అక్కడి కుక్క శరీరానికి రుతువు మారిందని స్పష్టంగా తెలుస్తుంది, ఏడాదికి రెండుసార్లు గుత్తులుగా రాల్చేసి ఊరుకుంటుంది. మన హైదరాబాదులో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలే, పైగా మీ ఇంట్లో రాత్రి పదకొండు దాకా లైట్లు, వేసవంతా ఏసీ. అందుకే బ్రూనో ఏడాది పొడవునా కొంచెం కొంచెం రాలుస్తూనే ఉంటాడు, శివరాత్రి దాటాక, దసరా తర్వాత ఇంకాస్త ఎక్కువ. ఇది జబ్బు కాదు.

మరి ఏం చేయాలి? రోజూ సాయంత్రం పది నిమిషాలు వాణ్ణి మేడ మీదకి తీసుకెళ్లి దువ్వండి. రబ్బరు పళ్లున్న బ్రష్ లాబ్రడార్‌కి బాగా సరిపోతుంది, బాగా రాలే రోజుల్లో వారానికి ఒకటి రెండుసార్లు కింది బొచ్చు తీసే దువ్వెన కూడా వాడొచ్చు, గట్టిగా నొక్కితే మాత్రం చర్మం గీసుకుపోతుంది, వాడి చర్మం మన చర్మం కంటే పలుచన. వెంట్రుక వాలిన వైపే దువ్వాలి. స్నానానికి ముందు, ఒళ్లు పొడిగా ఉన్నప్పుడు దువ్వితే సులువుగా వస్తుంది. దువ్వేటప్పుడు చెవుల లోపల, చంకల్లో, కాలివేళ్ల మధ్య రక్తం తాగే గోమార్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే చేత్తో పీకి నలపకండి, నాన్నని పిలవండి, చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని మెల్లగా లాగాలి. వాటి వల్ల కుక్కలకి ప్లేట్‌లెట్లు పడిపోయే జ్వరం వస్తుంది, దాంతో ప్రాణాలు పోయిన కుక్కల్ని నేను చాలా చూశాను.

స్నానం నెలకి ఒకటి రెండుసార్లు చాలు. వారం వారం షాంపూ పెడితే చర్మంలోని నూనె పోయి, పొడిబారి, ఇంకా రాలుతుంది. అమ్మ షాంపూ వద్దు. మన చర్మం పీహెచ్, అంటే పులుపుదనం కొలత, 5.5 దగ్గర, వాడిది 7 దగ్గర, కుక్కలకి వేరే షాంపూ ఉంది.

గుండు కొట్టించే ఆలోచన మాత్రం ఎవరికీ రానివ్వకండి, నాన్నకి కూడా చెప్పండి. రెండు పొరల బొచ్చు ఎండ నుంచి కూడా కాపాడుతుంది. గొరిగేస్తే చర్మం కమిలిపోతుంది, కొన్ని కుక్కలకి పైపొర నెలల తరబడి సరిగ్గా రాదు. వాడు ఒళ్లు చల్లబరుచుకునేది ముఖ్యంగా నాలుక చాపి రొప్పడం వల్లే. నీడ, గిన్నెనిండా నీళ్లు ఉంటే చాలు. పక్క ఫ్లాటులో షీట్జూ జాతి బుల్లి కుక్కకి కత్తిరిస్తున్నారు కదా అంటారేమో, దాని వెంట్రుక మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది, దానికి కత్తిరింపు తప్పదు.

తిండి సంగతి. వెంట్రుకంటే ప్రొటీనే. మన ఇళ్లలో కుక్కకి రోజూ పెరుగన్నం పెట్టి సరిపోయిందనుకుంటారు, నాకు ఇది చూస్తే బాధేస్తుంది. ఉడికించిన గుడ్డు, ఉప్పూ కారం లేకుండా ఉడికించి ముల్లు తీసిన కవళ్ల చేపలు, చికెన్ ముక్కలు ఉండాలి. చేపలో ఉండే ఒమేగా-3 కొవ్వు చర్మానికి మంచిది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ వాడికి విషం, వాడెంత బతిమాలినా పెట్టకండి.

ఇక అమ్మ కోసం. ఊడ్చేముందు ఫ్యాన్ ఆపండి, లేకపోతే బొచ్చంతా గదంతా తిరుగుతుంది. చీపురు కంటే తడిగుడ్డ మేలు. సోఫా మీద తడిపిన రబ్బరు గ్లవ్ వేసుకుని ఒకే వైపుకి రాస్తే బొచ్చు ఉండలు చుట్టుకుని వచ్చేస్తుంది, ఇది చేయడం మీకు సరదాగా కూడా ఉంటుంది. వాడు పడుకునే దుప్పటి మిషన్లో వేసేముందు బయట దులపండి. బుజ్జమ్మ తుమ్ములకి కారణం వెంట్రుక కాదు, దానికి అంటుకుని వచ్చే చర్మపు పొట్టు, లాలాజలం. కాబట్టి వాడు మీ మంచం ఎక్కకపోతే మంచిది. తుమ్ములు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది బుజ్జమ్మే.

ఒంటినిండా సమంగా రాలితే భయం లేదు. ఒకచోట చర్మం కనపడేలా ఊడినా, ఎర్రబడినా, వాసన వచ్చినా, రాత్రి నిద్ర మానుకుని గోక్కుంటున్నా డాక్టరుకి చూపించాలి. గుండ్రంగా ఊడితే తామర కావచ్చు, అది మీకూ అంటుకుంటుంది. రెండు పక్కలా ఒకేలా పలచబడి, తిండి పెరక్కపోయినా లావెక్కుతూ, మందకొడిగా ఉంటే థైరాయిడ్ అనుమానించి రక్తపరీక్ష చేస్తారు, మాత్రలతో బాగవుతుంది. వాడు ఆసుపత్రి బల్ల మీద భయపడి అప్పటికప్పుడు గుప్పెడు బొచ్చు రాల్చేస్తే టెన్షన్ పడకండి, అది మామూలే.

చిన్నూ, తోక మొదట్లో పలచగా అయిందని అన్నావట. ఆ చోటు పగటి వెలుతురులో దగ్గర్నుంచి ఫోటో తీసి నాన్న ఫోన్లోంచి పంపు. అక్కడ దువ్వినప్పుడు నల్లటి మిరియాల పొడిలాంటిది రాలితే దాన్ని తడి తెల్లకాగితం మీద వేసి చూడు. ఎర్రగా కరిగితే అది బొచ్చులో ఉండి రక్తం తాగే, ఫ్లీ అనే గెంతే పురుగుల మలం, మందు వేయించాలి. ఈ పని రేపు పొద్దున్నే చేయండి.

మీ తాతయ్య