కన్వర్టర్ మార్చేముందు ఆ స్లిప్ ఒకసారి చదవండి

పాత కారు పొల్యూషన్ టెస్టులో ఫెయిలైందని చెప్పగానే నలుగురిలో ముగ్గురు ఇచ్చే సలహా ఒకటే: కన్వర్టర్ పోయుంటుంది, మార్చేయ్. కన్వర్టర్ అంటే పొగగొట్టం దారిలో ఉండి పొగలోని విషవాయువుల్ని శుభ్రం చేసే డబ్బా. నేనూ ఒకసారి అదే చేశాను. కొత్త కన్వర్టర్ వేయించాను, టెస్టు పాసైంది, హమ్మయ్య అనుకున్నాను. కొన్ని నెలలు తిరక్కుండానే మళ్లీ ఫెయిల్. దొంగ ఇంట్లోనే దర్జాగా తిరుగుతుంటే నేను వెళ్లి కాపలావాణ్ని మార్చి వచ్చానన్నమాట.

అప్పటిదాకా నేను టెస్టు స్లిప్‌లో చూసింది కింద ఉండే పాస్ లేదా ఫెయిల్ అన్న ఒక్క ముక్కే. నిజానికి ఆ స్లిప్ మీద ఉన్న నాలుగైదు అంకెలు ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో చాలావరకు చెప్పేస్తాయి. కార్బన్ మోనాక్సైడ్ శాతంలో ఉంటుంది, హైడ్రోకార్బన్లు పీపీఎంలో, అంటే పది లక్షల్లో ఎన్ని వంతులో ఆ లెక్కలో ఉంటాయి, చాలా మెషీన్లు వీటితోపాటు కార్బన్ డయాక్సైడు, ఆక్సిజను, లామ్డా (గాలి, పెట్రోలు పాళ్లు చెప్పే అంకె) కూడా అచ్చేస్తాయి. పొగగొట్టంలో పెట్టిన సన్నటి గొట్టం పొగని లాక్కెళ్లి ఇన్‌ఫ్రారెడ్ కాంతి ముందు నిలబెడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ దాదాపు 4.7 మైక్రోమీటర్ల తరంగాన్ని మింగుతుంది, కార్బన్ డయాక్సైడ్ దాదాపు 4.3ని. ఎంత కాంతి తగ్గిందో చూసి ఎంత వాయువు ఉందో లెక్క కడతారు. ఆక్సిజన్‌కి ఇన్‌ఫ్రారెడ్ పట్టదు కాబట్టి దాని కోసం బ్యాటరీలాంటి చిన్న రసాయన సెల్ వేరే పెడతారు.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అన్నీ సరిగ్గా కుదిరితే బయటికొచ్చేది నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, గాలిలో ముందే ఉన్న నైట్రోజన్, అంతే. గాలి తక్కువైతే కార్బన్ సగమే మండి మోనాక్సైడ్‌గా మిగిలిపోతుంది. అసలు మంటే అంటుకోకపోతేనో, అంటుకుని మధ్యలో ఆరిపోతేనో పెట్రోలు పెట్రోలుగానే బయటికొస్తుంది, దాన్నే హైడ్రోకార్బన్లు అంటున్నాం. మంట మరీ వేడెక్కితే మూడో తంటా: గాలిలోని నైట్రోజనూ ఆక్సిజనూ ఒకదాన్నొకటి పట్టుకుని నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతాయి, ఇందులో పెట్రోలు తప్పేం లేదు. అంటే మూడు వాయువులకీ మూడు వేర్వేరు కారణాలు, మూడింటికీ ఒకే మందు ఉండదు.

ఇక్కడ జనం ఎక్కువగా బోల్తా పడేది హైడ్రోకార్బన్ల దగ్గర, ఎందుకంటే అవి రెండు వైపులా పెరుగుతాయి. పెట్రోలు ఎక్కువైనా పెరుగుతాయి, గాలి మరీ ఎక్కువై మంట నిలవకపోయినా పెరుగుతాయి. అందుకే ఆ అంకెని ఒంటరిగా చదవకూడదు, పక్కనే ఉన్న ఆక్సిజన్‌ని కూడా చూడాలి. మోనాక్సైడ్ ఎక్కువ, ఆక్సిజన్ దాదాపు సున్నా అయితే బండి రిచ్‌గా నడుస్తోంది, అంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. హైడ్రోకార్బన్లూ ఆక్సిజనూ కలిసి పెరిగాయంటే ఏదో సిలిండర్‌లో మంట సరిగ్గా అంటుకోవడం లేదు, మెకానిక్కుల భాషలో బండి మిస్సింగ్ కొడుతోంది.

లామ్డా సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఉండాల్సిన గాలి సరిగ్గా ఉంటే లామ్డా 1, గాలి తక్కువైతే 1 కంటే తక్కువ. బాష్ కంపెనీకి చెందిన బ్రెట్‌ష్నైడర్ 1979లో ఇచ్చిన సూత్రంతో పొగలోని వాయువుల నుంచే దీన్ని లెక్క కడతారు. కన్వర్టర్ బాగున్నా చచ్చినా లామ్డా మారదు! ఎందుకంటే కన్వర్టర్ కొత్తగా గాలీ తేదు, పెట్రోలూ తేదు, వచ్చిన అణువుల్ని విడగొట్టి వేరేలా కలుపుతుంది, అంతే. ఇంజిన్‌లోకి ఎంత గాలి, ఎంత పెట్రోలు వెళ్లాయో ఆ లెక్క పొగగొట్టం చివరిదాకా చెక్కుచెదరకుండా వస్తుంది, మధ్యలో ఎక్కడైనా చిల్లు పడి బయటి గాలి దూరితే తప్ప. చాలా చోట్ల లామ్డా 0.97కీ 1.03కీ మధ్య ఉండాలంటారు. ఆ గీత దాటిందంటే కన్వర్టర్‌ని తిట్టడం మానేసి ముందు ఇంజిన్ వైపు చూడాలి.

మోనాక్సైడ్ 2.3 శాతం, ఆక్సిజన్ 0.3, లామ్డా 0.93 అని ఒక స్లిప్ మీ చేతికొచ్చిందనుకోండి. పక్కా రిచ్. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండి అయితే నేను మొదట అనుమానించేది ఇంజిన్‌ని చల్లబరిచే నీటి వేడిని కొలిచే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ని. అది వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గిపోయే చిన్న ముక్క. చాలా రకాల్లో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు ఉంటుంది, 80 డిగ్రీలకి 300 చిల్లరకి పడిపోతుంది. దాని కనెక్టర్ పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి అదనంగా కొన్ని వందల ఓమ్‌లు చేరాయంటే చాలు, ఇంజిన్ సలసలా కాగుతున్నా, పెట్రోలు ఎంత పోయాలో తేల్చే బండి కంప్యూటర్‌కి అది చల్లగా ఉన్నట్టే కనిపిస్తుంది, పాపం చలికి వణుకుతోంది కదా అని పెట్రోలు పోస్తూనే ఉంటుంది. డాష్‌బోర్డు మీద ముల్లు మామూలుగానే ఉంది కదా అంటారేమో, చాలా పాత కార్లలో ఆ ముల్లుకి వేరే సెన్సర్, కంప్యూటర్‌కి వేరే సెన్సర్, అందుకని ఆ ముల్లుని నమ్మకండి. మల్టీమీటర్ పెట్టి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి కొలిస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. తెరుచుకుని ఇరుక్కుపోయిన థర్మోస్టాట్ (కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే అప్పుడు ఇంజిన్ నిజంగానే చల్లగా ఉంటుంది.

తర్వాత ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్, అంటే పెట్రోలు ఒత్తిడిని అదుపులో ఉంచేది. దానికి వ్యాక్యూమ్ గొట్టం ఉండే రకమైతే, ఆ సన్నటి గొట్టం పీకి ముక్కు దగ్గర పెట్టండి, లోపల పెట్రోలు తడి ఉంటే లోపలి పొర చిరిగినట్టే. కారే ఇంజెక్టరు, తెరుచుకునే ఉండిపోయిన పర్జ్ వాల్వు (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది) కూడా అనుమానితులే. ఎయిర్ ఫిల్టర్ సంగతి చాలామంది అనుకునేంత ఉండదు: కార్బ్యురేటర్ బండిలో మూసుకుపోయిన ఫిల్టర్ చోక్ లాగినట్టే పనిచేస్తుంది గానీ, వచ్చే గాలిని కొలిచి దానికి తగ్గట్టు పెట్రోలు ఇచ్చే బండిలో మిశ్రమం పెద్దగా మారదు, పికప్ పడిపోతుంది.

ఇప్పుడు తికమక పెట్టే కేసు. ఎగ్జాస్ట్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సర్ జిర్కోనియాతో చేసింది, 300 డిగ్రీలు దాటాక మేలుకుంటుంది, గాలి ఎక్కువైతే 0.1 వోల్టు దగ్గర, పెట్రోలు ఎక్కువైతే 0.9 దగ్గర చూపిస్తుంది, కంప్యూటర్ ఆ రెంటి మధ్యా ఊగిసలాడిస్తూ మిశ్రమాన్ని సరిచేస్తుంటుంది. ఒక సిలిండర్ మిస్ అయిందనుకోండి, మండని పెట్రోలుతోపాటు వాడని ఆక్సిజన్ కూడా బయటికొస్తుంది. సెన్సర్‌కి కనిపించేది ఆక్సిజన్ మాత్రమే. గాలి ఎక్కువుందని చెబుతుంది, కంప్యూటర్ ఇంకాస్త పెట్రోలు పోస్తుంది, దాంతో బాగున్న సిలిండర్లు కూడా రిచ్‌గా మారి మోనాక్సైడ్ పెరుగుతుంది. సెన్సర్‌ది అబద్ధం కాదు, అడిగినదానికే జవాబు చెప్పింది. సెన్సర్‌కి ముందు, ఇంజిన్‌కీ పొగగొట్టానికీ అతుకు పడే మ్యానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర చీలిక ఉన్నా ఇదే కథ, పొగ దెబ్బకీ దెబ్బకీ మధ్య బయటి గాలి లోపలికి దూరుతుంది. అలాంటి చోట లోహం మీద నల్లటి మసి చార కనిపిస్తుంది, పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసినప్పుడు టిక్‌టిక్ అని వినిపించి, వేడెక్కి లోహం వ్యాకోచించాక ఆ చప్పుడు తగ్గిపోతుంది.

నా బండి రెండోసారి ఫెయిలైనప్పుడు స్లిప్‌లో హైడ్రోకార్బన్లూ ఎక్కువే, ఆక్సిజనూ ఎక్కువే. ఆ రాత్రి లైట్లన్నీ ఆపేసి, బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా చేతులు దూరంగా పెట్టుకుని ప్లగ్ వైర్ల మీద స్ప్రే బాటిల్‌తో సన్నగా నీటి తుంపర కొట్టాను. మూడో సిలిండర్ వైరు మీద, ఒక క్లిప్పుకి రాసుకుని రబ్బరు అరిగిన చోట, నీలం రంగు దారప్పోగులాంటి మెరుపు చిటచిటమంటూ పక్కనున్న ఇనుము మీదికి దూకింది. స్పార్క్ ప్లగ్ దాకా వెళ్లాల్సిన కరెంటు దారిలోనే దిగిపోతోంది. ఆ ప్లగ్ ఊడదీసి చూస్తే మిగతా మూడూ లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇదొక్కటే తడిగా, నల్లగా, పెట్రోలు వాసనతో ఉంది. మొదటిసారి ఎలా పాసైందంటే, కొత్త కన్వర్టర్ కొత్త జోరులో ఆ మండని పెట్రోలంతా తనే మండించి నన్ను గట్టెక్కించింది. అదృష్టం బాగుండి కరిగిపోలేదు. మిస్సింగ్‌తో అలాగే ఎక్కువ దూరం నడిపితే ఆ పెట్రోలు కన్వర్టర్ లోపల మండి, లోపలి పింగాణీ తేనెపట్టు కరిగి ముద్దయిపోతుంది.

కార్బ్యురేటర్ బళ్లలో సెన్సర్ల గొడవ లేదు, ఉన్నదల్లా గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ, ఫ్లోటు, చోక్ రేకు. మోనాక్సైడ్ తగ్గించాలని స్క్రూని బిగించుకుంటూ పోతే ఒక దశ దాటాక ఐడ్లింగ్ వణకడం మొదలై హైడ్రోకార్బన్లు పైకి ఎగబాకుతాయి, కాబట్టి కొంచెంకొంచెం తిప్పుతూ రెండు అంకెల్నీ చూడాలి. నైట్రోజన్ ఆక్సైడ్లు బండిని రోలర్ల మీద లోడుతో నడిపే టెస్టుల్లోనే గట్టిగా బయటపడతాయి, అప్పుడు మసి పట్టి మూసుకున్న ఈజీఆర్ దారినీ (కొంత పొగని మళ్లీ ఇంజిన్‌లోకి పంపి మంట వేడి తగ్గించేది), ఇంజిన్ ఓవర్‌హీట్‌నీ, ఇగ్నిషన్ టైమింగ్‌నీ చూడండి.

మళ్లీ టెస్టుకి వెళ్లేటప్పుడు బండిని ఇరవై నిమిషాలు రోడ్డు మీద బాగా నడిపి వెళ్లండి. కన్వర్టర్ 250, 300 డిగ్రీలకి గానీ పని మొదలెట్టదు, క్యూలో అరగంట ఐడ్లింగ్‌లో నిలబెడితే మళ్లీ చల్లారుతుంది. ఆయిల్ పాతదై పెట్రోలు వాసన వస్తుంటే మార్చండి, ఆ ఆవిరి కూడా ఇంజిన్‌లోకే వెళ్తుంది. వార్నింగ్ లైటు ఆరడానికి బ్యాటరీ తీసి పెట్టే చిట్కా మాత్రం వద్దు, ఓబీడీ, అంటే బండి కంప్యూటర్ తన లోపాల్ని తనే నమోదు చేసుకునే ఏర్పాటు, చూసే చోట కంప్యూటర్ తన పరీక్షలు పూర్తి చేసుకోలేదని తేలిపోయి వెనక్కి పంపించేస్తారు.

ఇవన్నీ అయ్యాక, లామ్డా సరిగ్గా 1 దగ్గరే ఉండి, మిస్సింగ్ లేకుండా, ఇంకా మోనాక్సైడూ హైడ్రోకార్బన్లూ ఎక్కువే ఉంటే అప్పుడు కన్వర్టర్‌ని అనుమానించాలి. చల్లారాక రబ్బరు సుత్తితో తట్టితే లోపల గలగలమంటే తేనెపట్టు విరిగింది. కన్వర్టర్‌కి వెనక రెండో సెన్సర్ ఉన్న బండిలో దాని వోల్టేజి నిదానంగా, దాదాపు ఒకే చోట ఉండాలి, అది కూడా ముందు సెన్సర్‌లాగే ఊగుతోందంటే లోపలి సీరియా అనే పూత ఆక్సిజన్‌ని దాచుకోవడం మానేసిందని అర్థం. కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదని కంప్యూటర్ చూపించే పీ0420 కోడ్ పుట్టేది ఎక్కువగా అక్కడే, అయితే ఎగ్జాస్ట్ లీకు వల్ల కూడా అదే కోడ్ రావచ్చు.

నేను తీసేయించిన పాత కన్వర్టర్‌ని ఇలా తట్టి చూద్దామని ఆ వైరు మార్చిన మర్నాడు వెతికాను. అప్పటికే స్క్రాప్‌లో వేసేశారు.