కప్‌బోర్డులో కప్పూ వినబడదు, బోర్డూ వినబడదు

గోడ అలమరను మనం కప్‌బోర్డు అంటాం. ఇంగ్లిష్‌వాళ్లు రాసేది అలాగే గానీ, పలికేది మాత్రం కబర్డ్. బ్రిటన్‌లో చాలామంది నోట రేఫ కూడా వినబడదు. కబడ్డీ అనబోయి చివరి డీని మింగేస్తే దాదాపు అదే ధ్వని.

14వ శతాబ్దపు ఇంగ్లిష్‌లో బోర్డ్ అంటే బల్ల. కప్పులు, గిన్నెలు పెట్టుకునే బల్లే కప్‌బోర్డ్. పోను పోను ఆ పేరు తలుపులున్న అరలకు దక్కింది. బల్ల అన్న అర్థం మరుగున పడ్డాక, రెండు ముక్కలనూ విడివిడిగా పలకాల్సిన పనీ లేకపోయింది.

పకారానికీ బకారానికీ పెదవులు మూసుకునే తీరు ఒకటే. తేడా అంతా గొంతు నాదంలో ఉంది. పక్కపక్కన పడితే పకారం నాదం పుంజుకుని బకారంలో కలిసిపోతుంది. అప్ + జము = అబ్జము అని మనం చదువుకున్న జశ్త్వ సంధిలో జరిగేదీ ఇలాంటిదే. అయితే ఇంగ్లిష్‌లో ఇది నిత్యం కాదు. క్లిప్‌బోర్డ్‌లో పకారం చెక్కుచెదరలేదు, ‘బో’ కూడా నిండుగానే ఉంది. క్లిప్పూ, అట్టా ఇంకా కళ్లముందే ఉన్నాయి మరి!

ఇక ఊనిక, అంటే పదంలో ఒక భాగాన్ని ఒత్తి పలకడం. ఇంగ్లిష్ సమాస నామాల్లో అది సాధారణంగా మొదటి పదం మీద పడుతుంది. బ్లాక్‌బోర్డ్ అంటూ ‘బ్లాక్’ను ఒత్తితే బడి బోర్డు, ‘బోర్డ్’నూ గట్టిగా ఒత్తితే ఏదో ఒక నల్ల పలక. కబర్డ్‌లో రెండో భాగానికి ఊనిక బొత్తిగా లేదు, అందుకే ‘బో’ అచ్చు నీరుగారి, ‘అ’ లాంటి పొట్టి ధ్వనిగా మిగిలింది. బ్రెక్‌ఫస్ట్‌లో ‘ఫాస్ట్’ చిక్కిపోయిందీ ఇందుకే. తెలుగులో ఇలా జరగదు. కూరగాయలో ప్రతి అచ్చూ నిండుగా పలుకుతుంది. ఆ అలవాటుతోనే ఇంగ్లిష్‌లోనూ రెండు ముక్కలకూ సమాన బరువిస్తాం. వినేవాళ్లకు కాసేపు పదం అందదు.

సాధనకు ముందు ‘క’ను కాస్త పైస్థాయిలో, స్పష్టంగా అనండి. పెదవులు ఒక్కసారే మూసి, ‘బర్డ్’ను చప్పున వదలండి. చివర ఉకారం చేర్చితే రెండక్షరాల పదం మూడక్షరాలవుతుంది.

రాతను చూసి పలుకును దిద్దుకోవడం ఇంగ్లిష్‌వాళ్లకూ ఉంది. నుదుటిని ఒకప్పుడు ‘ఫారిడ్’ అనేవారు, ఇప్పుడు చాలామంది ‘ఫోర్‌హెడ్’ అంటున్నారు. చేతుల్లేని పొట్టి కోటుకున్న ‘వెస్కిట్’ అనే పలుకు కూడా ‘వేస్ట్‌కోట్’ అయింది. కబర్డ్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.