దిండు గలీబు నుంచి పార్లమెంటు దాకా: నర్సుల చదువులో సాంస్కృతిక భద్రత

వైద్యపరమైన భద్రతను మించి సాంస్కృతిక నిబంధనలను కూడా ఆరోగ్య వృత్తుల నియంత్రణ మండళ్లు విధించాలా? 2025 మార్చిలో న్యూజిలాండ్ ప్రభుత్వం విడుదల చేసిన చర్చాపత్రం ప్రజల ముందు పెట్టిన ప్రశ్నల్లో ఇదొకటి. దాంతో నర్సుల శిక్షణపై ముప్పై ఏళ్ల నాటి తగవు మళ్లీ రాజుకుంది. రోగి సంస్కృతిని నర్సు చదవాలని అమెరికాలో మాడలీన్ లైనింగర్ మొదలుపెట్టిన ఉద్యమం గురించి చాలామందికి తెలుసు. ఈ గొడవ అర్థం కావాలంటే మాత్రం 1988 నాటి న్యూజిలాండ్ నగరం క్రైస్ట్‌చర్చ్‌కు వెళ్లాలి.

అక్కడ జరిగిన మావోరీల (న్యూజిలాండ్ మూలవాసుల) నర్సింగ్ సమావేశంలో మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకరు లేచారు. చట్టపరమైన భద్రత అంటున్నారు, నైతిక భద్రత అంటున్నారు, మరి సాంస్కృతిక భద్రత మాటేమిటని అడిగారు. ఆ ప్రశ్నను మావోరీ నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ అందుకున్నారు. దాన్ని పూర్తి సిద్ధాంతంగా మలిచారు. నా దృష్టిలో అసలు మలుపు అదే.

మావోరీలకు తల పవిత్రం. తల కింది దిండును కాళ్ల కింద పెడితే వారిని అవమానించినట్టే. అందుకే తలకు వాడే దిండ్లకు వేరే రంగు గలీబులు వేయడం ఆసుపత్రుల్లో సూచనగా మారింది. ఇది మంచి పద్ధతే. కానీ ఇలాంటివి కంఠస్థం చేసిన నర్సు తనకు అంతా తెలుసనుకుని, మావోరీలందరినీ ఒకే మూసలో చూడవచ్చు. రామ్స్‌డెన్ భయం సరిగ్గా అదే. నర్సు ముందుగా తన పుట్టుపూర్వోత్తరాలను, తన అపోహలను, రోగిపై తనకున్న అధికారాన్ని తరచి చూసుకోవాలని ఆమె వాదించారు. అందిన సేవ సురక్షితమో కాదో తేల్చే హక్కు రోగికి ఇచ్చారు. వృత్తికి మింగుడుపడనిది ఇదే. తేడాలను పట్టించుకోకుండా అందరినీ ఒకేలా చూడటమే ధర్మమని అప్పటిదాకా నర్సులు నేర్చుకున్నారు. ఆ తేడాలను గుర్తించి సేవ చేయమన్నారు రామ్స్‌డెన్. వయసు, లింగం, మతం, వైకల్యం కూడా అందులో భాగమేనన్నారు.

1992లో నర్సుల నియంత్రణ మండలి అయిన నర్సింగ్ కౌన్సిల్ దీన్ని చదువులో తప్పనిసరి చేసింది. మరుసటి ఏడాదే, తనను సాంస్కృతికంగా సురక్షితం కాదని ముద్రవేసి వెళ్లగొట్టారన్న ఒక విద్యార్థిని ఫిర్యాదు పత్రికలకెక్కింది. ఇది బోధన కాదని, భావజాలాన్ని రుద్దడమని విమర్శకులు మండిపడ్డారు. వైద్యపాఠాల సమయం హరించుకుపోతోందన్నారు. 1995లో వివాదం పార్లమెంటు కమిటీ విచారణ దాకా వెళ్లింది. ఒక అభిప్రాయానికి మార్కులు ఎలా వేస్తారన్న విమర్శకుల ప్రశ్నను కొట్టిపారేయలేం. కౌన్సిల్ 1996లో మార్గదర్శకాలను సవరించింది, సూత్రాన్ని మాత్రం వదులుకోలేదు.

2025 నాటి చర్చాపత్రం వైద్య భద్రత ఒకవైపు, సంస్కృతి మరోవైపు అన్నట్టుగా ప్రశ్న వేసింది. రామ్స్‌డెన్ వాదన ఆ విభజననే ఒప్పుకోదు. అవమానం ఎదురైన రోగి రెండోసారి ఆసుపత్రి మెట్లెక్కడు. ఎక్కినా వాడుతున్న మందుల సంగతి దాచిపెడతాడు. నర్సుకు అందని ఆ సమాచారమే మోతాదు తప్పడానికి, రోగం ముదరడానికి దారితీస్తుంది. ఇది వైద్య భద్రత కాకపోతే మరేమిటి?

రామ్స్‌డెన్ 2003లో కన్నుమూశారు. ఆ ఏడాదే వచ్చిన ఆరోగ్య వృత్తుల చట్టం వైద్య నైపుణ్యం, సాంస్కృతిక నైపుణ్యం, నైతిక ప్రవర్తనల ప్రమాణాలను ఒకే వాక్యంలో చేర్చి, వాటిని నిర్ణయించే బాధ్యతను మండళ్లకు అప్పగించింది. మావోరీలతో గౌరవంగా, ఫలవంతంగా మెలిగే నైపుణ్యం కూడా అందులో ఉండాలని 2019లో సవరణ చేశారు. చర్చాపత్రం వేసిన ప్రశ్నకు ప్రభుత్వం ‘అక్కర్లేదు’ అనే జవాబును ఎంచుకుంటే, తిరగరాయాల్సింది ఆ వాక్యాన్నే.